గాలి బంగ్లా ముందు కుర్చీ

ఇప్పుడు నేను మెడ తిప్పి పక్కనున్న మనిషిని చూడగలను. వెనక్కి చూడాలంటే మాత్రం ఒళ్ళంతా తిప్పాల్సిందే, ఇరుకు సందులో లారీని మలుపుకున్నట్టు. కుడిచేతి చివరి రెండు వేళ్ళలో తిమ్మిరి అప్పుడప్పుడు వచ్చి పోతోంది. అయినా కలం పట్టుకుంటే జారిపోవడం లేదు. అందుకే రాస్తున్నాను. పిల్లల పుట్టినరోజులకు పెరట్లో, వాళ్ళు లోపల ఎగిరి ఆడుకునే గాలి బంగ్లా వేయించడం మా వైపు ఈ మధ్యే మొదలైంది. ఇక ముందు ఇంకా ఎక్కువవుతుంది. వేయించే తల్లులెవరైనా ఇది చదివి, ఒక కుర్చీ తెచ్చి దాని ముందు వేసుకుంటే నాకు చాలు. రెండో కారణం నా స్వార్థం. రాస్తున్నంతసేపూ నేను ఒకచోట కూర్చోగలుగుతున్నాను.

మొదటినుంచీ నేను నిలకడ లేని మనిషిని. యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాల కార్డులు రాసే ఉద్యోగం నాది. కూర్చుని చేసే పనే అయినా రోజుకు ఇరవైసార్లు లేచి అల్మారాల మధ్య ఒక చుట్టు తిరిగి వచ్చేదాన్ని. మా ఆయన యాదగిరి అదే క్యాంపస్‌లో, వర్క్‌షాపులో మెకానిక్. స్టాఫ్ క్వార్టర్స్‌లో మా ఇల్లు. రెండు చిన్న గదులు, ఒక వంటిల్లు, వెనకాల మాత్రం రెండు జామచెట్లున్న పెద్ద పెరడు. మాకు ఒక్కతే కూతురు, పావని. అప్పుడు దానికి ఆరేళ్ళు.

1997 ఫిబ్రవరి

మా ఆడబిడ్డ శోభ తార్నాకలో మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటుంది. వాళ్ళ బాబు చింటుకు ఐదో పుట్టినరోజు వచ్చింది. ఆ ఫ్లాటులో పదిమంది పిల్లలు చేరితే పెద్దవాళ్ళు మెట్ల మీద నిలబడాల్సిందే.

"వదినా, మీ పెరట్ల చేద్దాం. ఎగ్జిబిషన్‌ల చూసినం కద, గాలి బంగ్లా. గది తెప్పిస్త" అంది శోభ. నాకూ సరదా పుట్టింది. సరేనన్నాను.

ఆదివారం మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో పెద్ద మూట ఒకటి దిగింది. మోటారు పెట్టి గాలి కొడితే పావుగంటలో ఎరుపూ పసుపూ రంగుల బంగ్లా లేచి నిలబడింది. లోపల మెత్తటి నేల, చుట్టూ గోడలు, పైన కప్పు, వెనకవైపు ఎత్తుగా ఒక అరుగు. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా ముందున్న సందు ఒక్కటే దారి. తెచ్చినాయన నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

"అమ్మా, మోటారు బందైతే మొత్తం కూలుతది. సప్పుడు మారిందంటే ముందుగాల పిల్లలను బయటికి తియ్యాలె. పెద్ద పోరగాళ్ళను, చిన్నోళ్ళను ఒక్కపాలి తోలొద్దు. ఒక మనిషి గీ సందు కాడ్నే ఉండాలె. ఊకె ఉండుడు కాదు, చూడాలె."

ఇంకోచోట పని ఉందనీ, ఎనిమిదింటికి వచ్చి విప్పుకుంటాననీ చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ మనిషిని నేనే అన్నాను. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి సందు ముందు వేసుకున్నాను. గంటసేపు బాగానే చూశాను. చెప్పులు విప్పించాను, ఐదైదుగురిని పంపాను, పక్కవాళ్ళను తోస్తున్న ఒకణ్ణి చెవి పట్టుకుని బయటికి తెచ్చి కూర్చోబెట్టాను. కానీ గంటపాటు ఒకేచోట కూర్చోవడం నాకు చేతకాని పని. మధ్యలో రెండుసార్లు లేచి వంటింట్లో బజ్జీల సంగతి చూసి వచ్చాను. ఆ రెండుసార్లూ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడంతో నాకు ధైర్యం వచ్చేసింది.

పొద్దు వాలే వేళకు వీడియో అతను వచ్చాడు. మా ఇళ్ళలో ఫంక్షన్ అంటే మీకు తెలియనిది కాదు. ఒక్కొక్క కుటుంబం వరసగా వచ్చి, గిఫ్టు పిల్లవాడి చేతిలో పెట్టి, లైటు వెలుగులో కెమెరాకేసి చూస్తూ నిలబడాలి. అందరికంటే ముందు మేనమామ బట్టలు పెట్టాలి. ఆయన పక్కన భార్య లేకపోతే వచ్చిన చుట్టాలందరి కళ్ళూ ఆ ఖాళీ మీదే ఉంటాయి. శోభ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, నడు. అన్న బట్టలు పెడుతుండు. అత్త లేకుంటె ఎట్ల? వీడియో ఆపి పెట్టిన."

"లోపల పిల్లలున్నరు శోభా."

"రెండు నిమిషాలు. ఏమైతది? మా అత్తగారోళ్ళు ఏమనుకుంటరు చెప్పు."

లేచాను. పోతూపోతూ అక్కడ నిలబడ్డ నలుగురైదుగురు ఆడవాళ్ళకేసి చూసి "జర పిల్లలను చూస్తుండుండ్రి" అన్నాను. ఒక్కరిని పేరు పెట్టి పిలిచి చెప్పలేదు. ఎవరికి వారు పక్కావిడ చూస్తుందనుకున్నారు. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుని మా ఆయన పక్కన నిలబడ్డాను. వీడియో అతను "నవ్వాలె మేడమ్" అన్నాడు. నవ్వాను. మేనమామ వంతు కదా అని అతను రెండో లైటు కూడా వేశాడు. ఆ లైట్ల వైరూ గాలి మోటారు వైరూ ఒకే బాక్సులో పెట్టిన సంగతి అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. ఫ్యూజు పోయింది. ఇంట్లో లైట్లన్నీ ఆరిపోయాయి. పెరట్లో మోటారు చప్పుడు ఆగిపోయింది.

అంత గోలలోనూ ఆ చప్పుడు ఆగడం నాకు వినిపించింది. పరుగెత్తాను. నేను చేరేసరికి కప్పు సగం వంగింది. గోడలు లోపలికి ముడుచుకుంటున్నాయి. నేను లేని ఆ కాసేపట్లో పెద్ద పిల్లలూ చిన్న పిల్లలూ కలిసి తొమ్మిదిమంది లోపల చేరారు. మోకాళ్ళ మీద లోపలికి దూరి, కప్పును తలతో, వీపుతో ఎత్తి పట్టుకున్నాను. నా పక్కనుంచి, చంకల కిందనుంచి ఒక్కొక్కరూ పాకి బయటపడ్డారు. వెనక అరుగు మీద పావని ఒక్కతే మిగిలింది. గుడ్డ దాని తల మీదికి దిగుతోంది. అది కదలడం లేదు, ఏడుస్తోంది.

"దుంకు బిడ్డా, దుంకు. నేనున్న" అని అరిచాను.

దూకింది. తల వంచి ఉన్న నా మెడ మీద దాని మోకాళ్ళు పడ్డాయి. టప్‌మని చిన్న చప్పుడు, అంతే. మా ఆయన వెనకే వచ్చి పిల్లను బయటికి లాగేశాడు. పిల్లల్లో ఎవరికీ గీత కూడా పడలేదు. నేను లేవబోతే నా కుడిచెయ్యి నాతో రాలేదు.

మార్చి

ఆ ఫిబ్రవరి ఆఖరు ఆదివారం రాత్రే నల్లకుంటలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు, మార్చి అంతా అక్కడే గడిచింది. ఎక్స్‌రే గది ముందు స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, తల కదలకుండా పట్టీ కట్టారు. ఎడమచేతికి సూది గుచ్చి ఉంది. కుడిచెయ్యి ఉందో ఊడిందో తెలియడం లేదు. సరిగ్గా అప్పుడే ముక్కు మీద దురద మొదలైంది. మెడ పోయిందన్న భయం కంటే ఆ దురదే నన్ను ఎక్కువ ఏడిపించింది. మా ఆయన కాగితాల కోసం కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. పక్క బెంచీ మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది.

"ఏంది బిడ్డా, మొకం గట్ల పెడుతున్నవ్? నొప్పి లేస్తుందా?"

"ముక్కు దురద, అమ్మా."

"గంతేనా!" అని లేచి వచ్చి, కొంగు చివర వేలికి చుట్టి, నా ముక్కు మెల్లగా రుద్దింది. నన్ను లోపలికి తీసుకుపోయేదాకా మూడుసార్లు రుద్దింది. ఆమె ఎవరో, ఎవరి కోసం వచ్చి కూర్చుందో అడగలేదు. ఆ దవాఖానలో నాకు జరిగిన మొదటి వైద్యం అదే.

మెడ ఎముకలో చీలిక వచ్చింది, నరం నలిగింది అన్నారు. తలకు రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టారు. ఆరు వారాలు వెల్లకిలా పడుకుని కదలకూడదన్నారు. ఎవరికి చెబుతున్నారో వాళ్ళకు తెలియదు పాపం.

"చెయ్యి వస్తదా సార్?" అని అడిగాను.

"చూద్దామమ్మా" అన్నాడు డాక్టరు. 'వస్తుంది' అంటే ధైర్యంగా పడుకునేదాన్ని. 'రాదు' అంటే ఏడ్చి పడుకునేదాన్ని. చూద్దాం అంటే ఎట్లా పడుకోవాలి?

కదలొద్దన్న కొద్దీ ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. కాళ్ళ వేళ్ళు ఆడిస్తూ ఉండేదాన్ని. నర్సు వచ్చి దుప్పటి సర్దితే అది మళ్ళీ ఊడేదాకా ఆడించేదాన్ని. పైకప్పు మీద వాన నీటి మరక ఒకటుంది. మొదటి రోజు అది కోడిలా కనపడింది, రెండో రోజు బూటులా, మూడో రోజు దాన్ని చూస్తేనే కోపం వచ్చింది. గంట ఎంతయిందని పొద్దంతా అడిగేదాన్ని. పక్క మంచం ఆమె విసిగిపోయి తన గడియారం తీసి నా ఎడమచేతికి కట్టింది. తల వంచలేను కనుక చెయ్యి మొహం మీదికి ఎత్తి చూసుకునేదాన్ని. ముళ్ళు నాకంటే నయం, కదులుతున్నాయి అనుకునేదాన్ని.

పావనిని నాలుగో రోజు తీసుకొచ్చారు. గుమ్మం దగ్గరే నిలబడింది. "రా బిడ్డా" అంటే వాళ్ళ నాన్న ప్యాంటు పట్టుకుని వెనక్కి పోయింది. తల తిప్పి చూడలేను. దాని గౌను అంచు మాత్రం కంటి చివర కనపడింది. దవాఖానకు భయపడిందిలే అనుకున్నాను.

ఏప్రిల్

ఇంటికి తెచ్చారు. ముందు గదిలో చెక్క బల్ల మీద పక్క వేశారు. ఉగాది పచ్చడి చెంచాతో నోట్లో పోసింది మేరక్క. మేరక్క అంటే మేరీ టీచర్, మా పక్క క్వార్టర్ ఆమె, ప్రైమరీ స్కూల్లో చెబుతుంది. మా ఆయన డ్యూటీకి పోయాక వచ్చి నాకు తినిపించి, పావనికి రెండు జడలు వేసి, తనతోపాటు బడికి తీసుకుపోయేది. ఏ రోజూ ఒక్క మాట అనిపించుకోలేదు, అనలేదు.

శోభ రోజూ మధ్యాహ్నం తార్నాక నుంచి నడిచి వచ్చేది. గిన్నెలు తోమేది, బట్టలు ఆరేసేది. నా మొహం చూసేది కాదు. నాకూ ఆమెను చూస్తే ఒళ్ళు మండేది. ఆ మంట బయటికి రాకుండా "తిన్నవా శోభా?" అని మర్యాదగా అడిగేదాన్ని. ఆ మర్యాద ఇద్దరినీ తినేసింది. మా ఆయన ముందే చెప్పి పెట్టాడు.

"జరిగింది జరిగింది. నిన్ను శోభ గుంజుకపోయింది అన్న మాట ఎవ్వల ముందట తియ్యకు స్వరూపా. ఆమెకు అత్తగారింట్ల మాటొస్తది."

సరేనన్నాను. ఆడబిడ్డ పరువు మా పరువే కదా.

పలకరించడానికి జనం వచ్చేవాళ్ళు. లైబ్రరీ వాళ్ళు, క్వార్టర్స్ వాళ్ళు, ఊరినుంచి చుట్టాలు. ఏ సంచి చూసినా బత్తాయిలే. వచ్చిన ప్రతి ఒక్కరూ కుర్చీ లాక్కుని "ఎట్లయింది?" అని అడిగేవాళ్ళు. చెప్పక తప్పదు. చెప్పకపోతే పొగరు అనుకుంటారు. నిజం చెప్పాలంటే నాకు ఆ చెప్పడం ఇష్టంగా కూడా ఉండేది. ఒళ్ళు కదలకపోతేనేం, నోరు కదులుతోంది. నాలుగోసారికే కథ బాగా కుదిరింది. ఫ్యూజు పోవడం, కప్పు వంగడం, ఎనిమిదిమంది పిల్లలు నా చంకల కిందనుంచి రావడం. చివర ఒక ఊపిరి ఆపి, "అందరు బయటపడ్డరు. ఆఖరికి నా బిడ్డనే నా మెడ మీద దుంకింది" అనేదాన్ని. వినేవాళ్ళు "అయ్యో!" అని ముక్కు మీద వేలేసుకునేవాళ్ళు. కుర్చీ సంగతి, వీడియో సంగతి, శోభ సంగతి కథలో లేవు. మర్యాద కోసం తీసేశాను. తీసేశాక ఆ కథలో ఇక మిగిలింది ఎవరో నేను ఆలోచించలేదు.

పావని ఇంటికి రాగానే వెనక గదిలోకి పోయేది. పిలిస్తే "హోంవర్కు ఉన్నది" అనేది. ఒకటో తరగతికి అంత హోంవర్కు ఏముంటుంది!

మే

మెడకు పట్టా పెట్టి కూర్చోబెట్టారు. మొదటిరోజు కళ్ళు తిరిగి వాంతి అయింది. రెండోరోజు వంటింటిదాకా నడిచాను. మూడోరోజు పెరట్లోకి పోతానని పేచీ పెట్టాను. మా ఆయన తలుపుకు అడ్డంగా నిలబడి "జర ఊకుండు, నీకు దండం పెడత" అని నిజంగానే దండం పెట్టాడు. కుడిచేతికి కసరత్తు చెప్పారు. మెత్తటి బంతి పిసకమన్నారు. బంతి విసుగొస్తే మేరక్క చపాతీ పిండి ముద్ద పంపేది. పిండి మీద నా వేళ్ళ గుర్తులు మొదట్లో మూడే పడేవి. తర్వాత నాలుగు. ఐదోది చిటికెన వేలు, దానికి నా పొగరంతా వచ్చింది, మాట వినదు.

వేళ్ళు కాస్త ఆడగానే నాకు కలిగిన మొదటి కోరిక పావనికి జడ వేయడం. దువ్వెన తెచ్చుకుని, మోడా వేసుకుని కూర్చుని పిలిచాను. అది గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"మేరీ టీచర్ వేస్తది" అంది.

"నేను వేస్త, రా. వంకర వస్తే ఏంది?"

"వద్దు మమ్మీ" అని ఏడుపు మొహం పెట్టి పరుగెత్తింది. వెనకనుంచి దాన్ని చూడడానికి నేను ఒళ్ళంతా తిప్పేసరికి గుమ్మం ఖాళీ. నా వంకర చెయ్యి చూసి పిల్ల అసహ్యించుకుంటోంది అనిపించింది. ఆ రోజు నేను ఏడ్చినంత ఆసుపత్రిలో కూడా ఏడవలేదు. చెయ్యి వస్తదా రాదా అన్న భయం ఆ పూటతో వెనక్కి పోయింది. పిల్ల వస్తదా రాదా అన్నది దాని చోట్లో కూర్చుంది.

సాయంత్రం మేరక్క వచ్చి నా పక్కన కూర్చుంది.

"స్వరూపా, ఒక మాట చెప్త, ఏడ్వకు. పావని నాతోని ఏమన్నదో తెలుసా? నేను ముట్టుకుంటే మమ్మీ మెడ మల్ల విరుగుతది అన్నది."

"ఎవరు చెప్పిన్రు దానికి గట్ల?" అన్నాను కోపంగా.

మేరక్క నా మొహంలోకి చూసింది. "నువ్వే. వచ్చినోళ్ళందరికి చెప్పినవ్ కద. పిల్ల ఆ పరదా ఎనకాల్నే ఉంటది."

ముందు గదికీ వెనక గదికీ మధ్య తలుపు లేదు. పాత చీర ఒకటి పరదాగా కట్టి ఉంది. ఎన్ని సంచుల బత్తాయిలు వచ్చాయో అన్నిసార్లు చెప్పాను. అన్నిసార్లూ "అయ్యో" అన్న మాట ఆ చీర దాటి అవతలికి పోయింది. ఆడబిడ్డ మీదికి మాట రాకుండా చూశాను కానీ, ఆ మాట మొత్తం ఆరేళ్ళ పిల్ల నెత్తిన పెట్టాను.

జూన్

పావనిని పిలిచి "నీ తప్పు లేదు బిడ్డా, నేనే దుంకుమన్న" అని చెప్పాను. రెండడుగుల దూరంలో నిలబడి, బడిలో టీచర్‌కు ఊపినట్టు తల ఊపింది. ఊపి వెళ్ళిపోయింది. పదిమందికి ఒకరకంగా చెప్పి దానికొక్కదానికి ఇంకోరకంగా చెబితే అదెందుకు నమ్ముతుంది? పిల్లలు మనకంటే తెలివైనవాళ్ళు.

నాలుగు రోజులకు ఊరినుంచి మా ఆయన చిన్నమ్మ వచ్చింది. అన్నాళ్ళూ చూడడానికి రాలేకపోయానని ఆమె నొచ్చుకుంటూనే ఉంది. బత్తాయిలు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని, "ఎట్లయింది బిడ్డా?" అంది. శోభ వంటింట్లో చాయ్ పెడుతోంది. మా ఆయన గడప మీద ఉన్నాడు. పరదా కింద రెండు చిన్న పాదాలు కనపడ్డాయి.

గొంతు పెంచి చెప్పాను.

"చిన్నత్తమ్మా, ఆ బంగ్లా ముందట కుర్చీ నాది. చూసెటిది నేను. నేను లేవొద్దు. వీడియోల నిలబడెతందుకు లేచి పోయిన. పిల్లలందరు లోపల ఉన్నరని తెలిసి గూడ పోయిన. లైట్లకు ఫ్యూజు పోయింది, బంగ్లా కూలింది. పావని బయపడి కూసున్నది. నేను దుంకుమన్న, నా మాట విని దుంకింది. అది దుంకకపోతె ఆ గుడ్డ కింద ఊపిరాడకపోతుండె. నా మెడ పావనితోని విరుగలే. నేను కుర్చీల కెల్లి లేచిన, గందుకు విరిగింది."

శోభ పేరు చెప్పలేదు. అయినా వంటింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. చాయ్ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టి, "గుంజుకపోయింది నేను చిన్నమ్మా. వదిన రానన్నది. నేనే గుంజుకపోయిన" అంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ అట్లాగే చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

చిన్నమ్మ పోయాక మా ఆయన నాతో మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత అన్నాడు. "చిన్నమ్మ ముందట అనాల్నా? నెమ్మదిగ ఇంట్ల చెప్పుకుంటె కాదా?"

"వచ్చినోళ్ళందరి ముందట పావని మీద పెట్టిన. మరి వచ్చినోళ్ళ ముందట్నే తియ్యాలె కద" అన్నాను. శోభ రావడం మానేసింది. రోజూ మధ్యాహ్నం ఆమె వచ్చే వేళకు నేను గేటు వైపు చూసేదాన్ని. కోపమంతా పోయాక మనిషి మీద బెంగ పుట్టింది. పోయి పిలుద్దామంటే మూడంతస్తులు ఎక్కే సత్తువ లేదు. ఫోన్ చేస్తే చింటు ఎత్తి "మమ్మీ లేదు" అనేవాడు, పక్కనుంచి ఆమె గొంతు వినపడుతుండగానే.

పావని మాత్రం ఆ రోజునుంచి కొంచెం దగ్గరికి జరిగింది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేది. గ్లాసు నా చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టి వెనక్కి పోయేది. నేను తొందరపడలేదు అని రాయాలని ఉంది కానీ అబద్ధం. లోలోపల ప్రతి గంటా తొందరపడ్డాను.

నవంబరు

ఆగస్టులో ఉద్యోగంలో చేరాను. కార్డుల మీద నా అక్షరాలు చూసి ఎవరో కొత్త మనిషి రాసింది అనుకున్నారు. దసరా నాటికి మెడ పట్టా తీసి సంచిలో వేసుకుని తిరిగేదాన్ని, అలసిపోతే పెట్టుకునేదాన్ని.

అప్పుడు మేరక్క తన మనవడి పుట్టినరోజుకు పక్క పెరట్లో గాలి బంగ్లా వేయిస్తానంది. నాకు కోపం వచ్చింది. "నీకేమన్న పిచ్చా అక్కా?" అన్నాను.

"పిల్లలు ఎగరకుంట ఆగుతరా? ఎవరింట్లనో ఒకరింట్ల ఎగురుతరు. చూసెటోళ్ళు ఉండాలె గని. సందు కాడ నువ్ కూసో" అంది.

"నేనా?"

"నీ అంత గట్టిగ ఎవరు కూసుంటరు ఇప్పుడు?"

ఆ రోజు నేను చేసినవి చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. గాలి మోటారుకు మా ఇంట్లోంచి వేరే వైరు లాగించాను. దానికి ఇంకే లైటూ పెట్టనివ్వలేదు. మా ఆయన మోటారు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు, బజ్జీలు కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. పిల్లలను జామచెట్టుకు ఆనించి ఎత్తు చూశాను. గీత కింద ఉన్నవాళ్ళు ఒక జట్టు, పైనున్నవాళ్ళు ఒక జట్టు. ఒక జట్టు పూర్తిగా బయటికి వచ్చి, నేను తలలు లెక్కపెట్టాకే రెండోది లోపలికి. గాజులు, క్లిప్పులు, కళ్ళద్దాలు, నోట్లో బిస్కెట్లు అన్నీ బయటే. వెనక అరుగు ఎక్కడం వద్దన్నాను. మోటారు చప్పుడు మారితే ఆట ఆపి బయటికి రావాలని ముందే రెండుసార్లు ఉత్తుత్తిగా ఆడించాను. పిల్లలకు అదే ఎక్కువ నచ్చింది.

పావని లోపలికి పోలేదు. నా కుర్చీ పక్కన నిలబడి విప్పిన చెప్పులు జతలు జతలుగా పేర్చింది. కాసేపటికి నాతోపాటు తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను ఐదు అంటే ఆరు అనేది. మళ్ళీ చూస్తే ఆరే ఉండేవాళ్ళు.

కాళ్ళు పీకుతున్నాయి. నడుం నొప్పి. లేచి ఒక్క చుట్టు తిరిగి వస్తే బాగుండునని పదిసార్లు అనిపించింది. పొద్దు వాలాక వీడియో అతను లైటు వేశాడు. మేరక్క కోడలు వచ్చింది. "స్వరూపక్కా, రా, గ్రూపు ఫొటో." రానన్నాను. తర్వాత మేరక్క తమ్ముడు వచ్చాడు. రానన్నాను. మూడోసారి వెనకనుంచి ఎవరో వచ్చి నా పక్కన ఆగారు. మెడ తిప్పితే శోభ. అయిదు నెలల తర్వాత. మేరక్కే పిలిచిందట.

నా చెయ్యి పట్టుకోలేదు. చీర మోకాళ్ళ కిందికి సర్దుకుని నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"నిన్ను పిలుస్తున్నరు శోభా, పో" అన్నాను.

"నేను లెవ్వ వదినా" అంది. ఇద్దరం బంగ్లా సందుకేసి చూస్తూ కూర్చున్నాం. ఆమె ఏడుస్తోందని తెలుసు. తల తిప్పి చూడలేదు. లోపల పిల్లలున్నారు.

చివరి జట్టు వంతు వచ్చినప్పుడు పావని చెప్పులు విప్పింది. నా మొహంలోకి చూసి అడిగింది. "మమ్మీ, నువ్ ఈడ్నే ఉంటవా?"

"ఈడ్నే ఉంట."

పోయింది. మొదట అంచు దగ్గరే నిలబడి కాళ్ళు ఆడించింది. తర్వాత ఎగిరింది. ఎగిరినప్పుడల్లా సందులోంచి నన్ను చూసుకుంది. ప్రతిసారీ నేను అక్కడే ఉన్నాను.

చింటు పుట్టినరోజు క్యాసెట్ శోభ బీరువాలో ఉంది. ఆమె ఒక్కసారి చూసింది, మళ్ళీ ఎవరూ పెట్టలేదు. అందులో లైటు పోయే ముందు నేను చాలా బాగా నవ్వానట. మేరక్క వాళ్ళ క్యాసెట్ మాత్రం వారం తర్వాత వాళ్ళింట్లో అందరం కలిసి చూశాం. గంటన్నర క్యాసెట్‌లో నా మొహం ఎక్కడా లేదు. ఒక్కచోట కెమెరా అటు తిరిగినప్పుడు కుర్చీలో ఒక వీపు కనపడింది, మెడ నిటారుగా, కదలకుండా.

"గదిగో, మా మమ్మీ!" అని పావని అరిచింది. అరుస్తూ అరుస్తూ మరిచిపోయి, వెనకనుంచి వచ్చి నా మెడ చుట్టూ రెండు చేతులూ వేసి వేలాడింది. వెంటనే గుర్తొచ్చి బిగుసుకుపోయింది.

"నొప్పి లేస్తుందా మమ్మీ?"

"లేదు బిడ్డా" అన్నాను. నొప్పి కొంచెం లేచింది. కదలకుండా కూర్చున్నాను.